స్టీరింగు ఉన్న రైలు

ఇక్కడ రాస్తున్న ప్రతి ముక్కా నిజం. మోటార్లకి తీగ చుట్టి బతికేవాణ్ణి కాబట్టి, కరెంటు తీగ కుడిచేత్తో పట్టుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. ఆ సమయంలో అందులో కరెంటు ఉందా అని అడిగే చాదస్తులు ఎవరైనా ఉంటే, ఈ పేజీ ఇక్కడే మూసేసి వేరే పని చూసుకోవచ్చు.

అమలాపురంలో రైలు లేదు. నేను చెప్పే రోజుల్లో లేదు, అంతకుముందూ లేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒక రైలు మైకులో వచ్చి, మైకులోనే వెళ్ళిపోయేది. ఎప్పుడైనా నలుగురు మనుషులు సర్వే గొలుసులు పట్టుకుని దిగి, చేలు కొలిచి, గట్ల మీద రాళ్ళు పాతి, మా బొండాలు తాగి వెళ్ళేవారు. ఆ రాళ్ళకి మావాళ్ళు గేదెల్ని కట్టేసుకునేవారు. నిజంగా రైలెక్కాలంటే బస్సులో కుక్కుకుని రాజమండ్రి వెళ్ళాలి. పరుగెత్తుకుంటూ వెళ్ళి దొరికిన పెట్టెలో దూరడం, మూట సీటు కిందకి తొయ్యడం, కళ్ళు మూసుకోవడం. ఇంజను ముఖం తీరిగ్గా చూసినవాడు మా బజారులో ఒక్కడు లేడు.

అదే నాకు కలిసొచ్చింది.

తొంభైల మొదట్లో, ఒక వాన మధ్యాహ్నం, నా రివైండింగు కొట్టు ఎదురుగా ఉన్న టీ కొట్టులో గొప్పలు నడుస్తున్నాయి. ఒకడు ఓడలరేవు దగ్గర పడవంత చేపని తోక పట్టుకుని లాగానన్నాడు. చేపతో గెలవడం కష్టం. అందుకని నేను రైలు తీశాను. వయసులో ఉన్నప్పుడు ద్వారపూడి స్టేషన్లో కూర్చుని ఉంటే, గూడ్సు బండి డ్రైవరు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడనీ, చుట్టుపక్కల మోటారు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేననీ, స్టేషను మాస్టారు చేతులు పట్టుకుంటే కాదనలేక సామర్లకోట దాకా నేనే నడిపాననీ చెప్పాను.

కథ బాగానే సాగింది గానీ అందులో నా చేతులకి పని లేదు. చెప్పేవాడి చేతులు ఊరికే ఉంటే వినేవాడు గ్లాసు వైపు చూస్తాడు. అందుకని బిక్కవోలు దగ్గర ఒక మలుపు పెట్టాను. ఆ మలుపులో స్టీరింగు బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టుకుని, కాలు గోడకి తన్నిపెట్టి, నలభై పెట్టెల బండిని ఒక్క పట్టున ఇటు తిప్పాను. తిప్పి, చెమట తుడుచుకున్నాను.

రైలుకి స్టీరింగేమిటని ఒక్కడు అడగలేదు. ఒక్కడంటే ఒక్కడు!

"ఆయ్, బిక్కవోలు మలుపు చెడ్డదండీ," అన్నాడొకాయన, బిక్కవోలు ఎటువైపు ఉందో తెలియని ఆయన.

"అప్పట్లో పవర్ స్టీరింగు కూడా లేదు గదండీ మరి," అన్నాడు ఇంకొకాయన, నా మీద జాలిపడుతూ.

ఆనాటి నుంచి నేను డ్రైవరుగారిని. సొంత పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. శుభలేఖల మీద డ్రైవరుగారికి అని రాసేవారు. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో పిలిచి కూర్చోబెట్టేవారు, పులిహోర నా విస్తరి దగ్గరే రెండోసారి ఆగేది. పదేళ్ళు ఇలా గడిచాయి. ఇంత అమాయకుల మధ్య బతకడం నాకేమీ బాధగా ఉండేది కాదు.

రెండువేలు దాటిన మూడు నాలుగేళ్ళకి, కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన నా కొట్టు పైన మేడగదిలో నెట్ సెంటరు పెట్టాడు. నాలుగు కంప్యూటర్లు. ఇంటర్నెట్టు వచ్చేలోపు టీ తాగి రావచ్చు, తాగి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఆ ఖాళీలో ఆడుకోవడానికని ఆయన ఒక రైలు ఆట తెచ్చి పెట్టాడు. నాలుగు కంప్యూటర్లనీ తీగతో కలిపితే నలుగురికీ కలిపి ఒకటే భూమి. ఒకడు పట్టాలు వేస్తుంటే మిగతావాళ్ళ తెరల మీద అవి మొలుస్తాయి. ఒకడు బండి నడుపుతుంటే, ఇంకొకడు తన కంప్యూటరు ముందు కూర్చుని ఆ బండి ఏ దారిన పోవాలో పట్టాలు మార్చాలి.

ఆ ఆటకి మొట్టమొదట బానిస అయినవాడు కింద కొబ్బరి వఖారు నడిపే మలికిపురం వ్యాపారి. యాభై దాటినవాడు, ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసినవాడు. లారీకి కాయ ఎక్కుతుంటే లెక్క వదిలేసి, పంచె ఎగ్గట్టి మెట్లెక్కేవాడు. ఆయనా, నెట్ సెంటరాయనా కలిసి కోనసీమకి రైలు వేస్తున్నారు. ప్రభుత్వానికి చేతకానిది వీళ్ళకి చేతనయిందన్నమాట.

నేను అప్పుడప్పుడు గుమ్మంలో నిలబడి చూసి నవ్వుకునేవాణ్ణి. "నిజం బండి నడిపినవాడికి ఈ బొమ్మ బండ్లు ఆనవండీ," అనేవాణ్ణి. అనక తప్పదు. దగ్గరకి వెళితే నడపమంటారు.

వాళ్ళు వేసిన రైలు చూస్తే గేదెలు కూడా నవ్వేవి. ఆ ఆటలో భూమి నిండా ఏవో చలిదేశపు చెట్లు, సూదుల్లాంటి ఆకులు. పట్టాలు వేస్తుంటే అడ్డమొచ్చిన చెట్టు దానంతటదే మాయమవుతుంది. అలా ఒక చెట్టు మాయమవగానే వ్యాపారి మౌసు వదిలేశాడు.

"అపచారం అండీ! మన కోనసీమలో చెట్టంటే పెద్దకొడుకు. కొట్టేత్తారేంటి?"

"అది కొబ్బరి చెట్టు కాదండీ బాబూ, బొమ్మ," అన్నాడు నెట్ సెంటరాయన.

"ఏ చెట్టైతేనేం, ఎవడిదో ఒకడిదే గదా. రేపు కోర్టుకి ఎక్కితే మీరు తిరుగుతారా?"

దాంతో చెట్టు చెట్టుకీ పక్కకి తప్పుకుంటూ పట్టాలు వేశారు. కోడి గీసిన ముగ్గు ఇంకొంచెం తిన్నగా ఉంటుంది. ఇక నది. మౌసుని నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకి లాగితే చాలు, వంతెన లేస్తుంది. వ్యాపారి లాగనివ్వలేదు. వంతెన గవర్నమెంటు పనట. మనం వేసేసుకుంటే ఇక వాళ్ళు జన్మలో వెయ్యరట. అందుకని ఈ ఒడ్డున ఒక స్టేషను, ఆ ఒడ్డున ఒక స్టేషను కట్టి, మధ్యలో రేవు పడవ, అదే పంటు, ఎక్కి దాటుకుంటారులే అని వదిలేశారు. పుట్టినప్పటి నుంచి బస్సు దిగి, పంటెక్కి, మళ్ళీ బస్సెక్కిన మనుషులు కదా. పంటు ఆ ఆటలో లేదు. బొమ్మ ప్రయాణికులు వారం రోజులు రేవులో నిలబడే ఉన్నారు, మావాళ్ళలాగే. చివరికి ఒక రోజు వ్యాపారికి తుమ్ము వచ్చి, చేతిలో మౌసు అవతలి ఒడ్డుదాకా జారి నది మీద వంతెన పడింది. దైవికంగా పడింది కాబట్టి ఉండనిచ్చారు.

దారి పూర్తవగానే ప్రారంభోత్సవం అన్నారు. తెరకి పసుపు రాసి బొట్టు పెట్టారు. గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. కిందకి వచ్చి, నా చేతిలో తీగ పక్కన పెట్టించి, నన్ను మేడమీదకి తీసుకెళ్ళారు.

"మొదటి బండి మీరే నడపాలండీ డ్రైవరుగారూ. ఇంకెవరు ముట్టుకున్నా బాగోదు."

కూర్చున్నాను. ఒక మీట నొక్కితే వేగం, ఇంకోటి నొక్కితే బ్రేకు. బండి కదిలింది. టీ కొట్టు జనం వెనక నిలబడి ఊపిరి బిగబట్టారు. తిన్నగా ఉన్నంతసేపు నేను మహారాజులా ఉన్నాను. ముందు మలుపు కనబడింది.

"స్టీరింగు, స్టీరింగు!" అన్నాడు వ్యాపారి.

నెట్ సెంటరాయన వంగి బాణం గుర్తున్న మీట నొక్కాడు. నొక్కితే తెర మీద మాకు కనబడే వైపు తిరిగింది గానీ బండి కాదు. తెర నిండా చెట్లు.

"చెట్లలోకి పోతంది! ఇటు తిప్పండి, ఇటు!" అని వ్యాపారి నా భుజం పట్టుకుని తిప్పేశాడు. ఈలోగా ఆ దిక్కుమాలిన బండి ఎవరి సాయమూ లేకుండా మలుపు తిరిగి, వంతెనెక్కి, చక్కా పోతోంది.

టీ కొట్టు జనం తెర దగ్గరికి జరిగారు.

"దానంతటదే తిరిగిందేంటండీ?" అన్నాడు వ్యాపారి. తనే తేల్చేశాడు కూడా. "చవక రకం ఆట. స్టీరింగే పెట్టలేదు."

నెట్ సెంటరాయన మాత్రం నా వైపు ఓరగా చూశాడు. కువైట్‌లో నాలుగు యంత్రాలు చూసినవాడు. "డ్రైవరుగారూ, అసలు రైలుకి స్టీరింగు ఉంటదాండీ?"

పదేళ్ళలో మొదటిసారి. వ్యాపారి నా తరఫున విరుచుకుపడ్డాడు. "లేకపోతే ఈయన బిక్కవోల్లో తిప్పిందేంటి, పిండిమర చక్రమా? మా రెండో అల్లుడుగారు రైల్వేలో అసిస్టెంటు డ్రైవరు. ఆదివారం వత్తన్నారు. ఆయన్నే అడిగేద్దాం."

ఆదివారం దాకా నేను ఏ మోటారుకి ఎన్ని చుట్లు చుట్టానో నాకే తెలియదు. డ్రైవరుగారన్న పేరు పోతే నాకేం మిగులుతుంది? తీగా, వార్నిషు కంపూ, ఆఖరి బంతీ.

ఆదివారం మధ్యాహ్నం అల్లుణ్ణి మేడమీదకి తెచ్చారు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. ఖాళీగా ఉన్న నాలుగో కంప్యూటరు ముందు, కుర్చీ అంచున కూర్చున్నాడు, మావగారి ముందు పూర్తిగా కూర్చోకూడదన్నట్టు. మావగారు అడిగారు. ఆ అబ్బాయికి వెనక కథ తెలియదు.

"స్టీరింగు ఉండదండీ మావయ్యగారూ. పట్టాలు ఎటు పోతే బండి అటే. మేం వేగం, బ్రేకు, సిగ్నలు చూసుకోవాలంతే."

అయిపోయాననుకున్నాను. తలెత్తి చూస్తే ఒక్కడూ నన్ను చూడడం లేదు. అందరూ ఆ అబ్బాయినే చూస్తున్నారు.

"అసిస్టెంటు గదండీ," అన్నాడు నెట్ సెంటరాయన మెల్లగా. ఊరి పదేళ్ళ నమ్మకం ఆయన్నీ లాగేసింది. "స్టీరింగు పెద్ద డ్రైవరు దగ్గరుంటదేమో. ఈయన్ని ముట్టుకోనివ్వరేమో."

వ్యాపారి ముఖం వాడిపోయింది. అల్లుడు రైలు నడుపుతాడని మలికిపురం అంతా చెప్పుకున్న మనిషి. గొంతు తగ్గించి అడిగాడు. "ఈ డ్రైవరుగారు బిక్కవోల్లో స్టీరింగు తిప్పే గదండీ బండి నడిపింది. మీకు బండి తిప్పే పని లేకపోతే మరి రోజంతా ఏం చేత్తారండీ అక్కడ? నిజంగా ఇంజన్లోనేనా మీ ఉద్యోగం?"

ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నన్ను చూశాడు. చూసిన క్షణంలో అంతా తెలిసిపోయింది అతనికి. "తమరు నడిపింది ఏ ఇంజనండీ?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

నేను లేచి నిలబడ్డాను. "ఆయన చెప్పిందే నిజం. రైలుకి స్టీరింగు లేదు. నేను ఏ బండీ నడపలేదు. ద్వారపూడి స్టేషన్లో వేరుశెనగకాయలు తిన్నాను, అంతే," అన్నాను.

వ్యాపారి కళ్ళు చెమర్చాయి. "చూసేరా అల్లుడుగారూ! పెద్దమనిషంటే అదీ. మీ మాట నిలబెట్టడానికి తన మాట వదులుకున్నారు," అన్నాడు. నా గౌరవం రెట్టింపయింది.

తీగ పట్టుకుని ప్రమాణం చేశాను కాబట్టి ఒక్కటి చెప్పక తప్పదు. గేదెల్ని కట్టిన రాళ్ళు నిజం. చెట్లు తప్పుకుంటూ వేసిన దారి నిజం. తుమ్ముకి పడ్డ వంతెన నిజం. నేను లేచి నిలబడి ఒప్పుకున్నాననేది కల్పించాను. లేవలేదు. ఏ ఇంజనండీ అని అతను అడిగినప్పుడు, పక్క కంప్యూటరు దగ్గర మౌసు అటూ ఇటూ కదుపుతూ తెరకేసి చూస్తూ కూర్చున్నాను. అతను కాసేపు నా కోసం ఆగాడు. తరవాత మావగారి ముఖం చూశాడు.

"పాత ఇంజన్లలో ఉండేదేమోనండీ. మావి కొత్తవి," అన్నాడు.

"ఆయ్, పాతవాటిలోనేనండీ," అన్నాను నేను.

వ్యాపారికి ప్రాణం లేచొచ్చింది. ఒకసారి నడిపి చూపించమని అల్లుణ్ణి పోరు పెట్టాడు. అతను నడిపాడు. మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా. మలుపు దగ్గరికి వచ్చేసరికి మావగారు ముందుకి వంగారు. ఆ అబ్బాయి రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి, ఎత్తి, గాల్లో స్టీరింగు తిప్పాడు. నా వైపు చూడలేదు.