అన్నోజిగూడ రెండో రౌటర్

ఉపేందర్ కోపం వస్తే అరిచే రకం కాదు, దాచుకునే రకం. నాచారం మందుల కంపెనీలో కంప్యూటర్లన్నీ చూసుకునే ఆ మనిషిని స్టోర్స్ ఇన్‌ఛార్జ్ గోపాలరావు ఓ సాయంత్రం అందరి ముందూ దొంగను చేశాడు. స్టోర్‌లో కొత్త రౌటర్ ఒకటి మాయమైంది. తాళంచెవులు ఉన్నది వాళ్లిద్దరి దగ్గరే. వయసులో పెద్దవాడని గోపాలరావు మాటే చెల్లింది, ఉపేందర్ ఉద్యోగం ఊడింది. పోతే పోయింది, ఇంకోటి దొరుకుతుంది. కానీ భార్య రాణి అదే కంపెనీలో మాత్రలు ప్యాక్ చేస్తుంది. మర్నాటి నుంచి గేటు దగ్గర ఆమె టిఫిన్ డబ్బా మూత తీయించి చూడసాగారు. ఒక్క ఆమెదే! ఆ సంగతి విన్న రోజు ఉపేందర్‌కు అన్నం సహించలేదు.

"వాని సంగతి సూస్త. జర ఓపిక పట్టు," అన్నాడు భార్యతో.

ఆ ధీమాకు కారణముంది. కంపెనీకి అన్నోజిగూడలో గోడౌన్ ఉంది. అక్కడి రౌటరూ నాచారం రౌటరూ ఒకే రహస్య పాస్‌వర్డ్‌తో ఒకదాన్నొకటి గుర్తుపట్టి, మామూలు ఇంటర్నెట్‌లోనే తమకంటూ ఒక చాటుదారి వేసుకుంటాయి. దాన్నే వీపీఎన్ టన్నెల్ అంటారు. గోడౌన్ నెట్ అంతా ఆ దారిన నాచారం వచ్చి, అక్కణ్ణుంచే బయటికి పోవాలి. గోడౌన్‌ది పాడైతే పనికొస్తుందని, మాయమైన ఆ కొత్తదాంట్లో కూడా ఉపేందర్ అవే సెట్టింగులు పెట్టి ఉంచాడు. ఎత్తుకుపోయినవాడు ఎక్కడ తగిలించినా సరే, అది నేరుగా వచ్చి నాచారం తలుపే తడుతుంది.

తట్టింది. కొన్నాళ్లకే కంపెనీ నెట్ నత్తనడక పట్టింది, గోడౌన్ బిల్లులు కదలడం మానేశాయి. కొత్తగా చేరినవాడు చేతులెత్తేశాడు. చివరికి ఓనర్ ఉమామహేశ్వర్ తానే ఫోన్ చేసి రమ్మన్నాడు.

"వస్త సార్. గోపాలరావు సార్ గూడ రూముల ఉండాలె," అన్నాడు ఉపేందర్.

స్క్రీన్ మీద రెండు టన్నెళ్లు కనిపించాయి. ఒకటి గోడౌన్‌ది. రెండోది పోయిన రౌటర్‌ది, దాంట్లోంచి ఎవరో సినిమాల మీద సినిమాలు దించుకుంటున్నారు.

"ఇది ఏడుందో నాకు తెల్వదు సార్. గిప్పుడు బంద్ జేస్త. ఎవనిది ఆగితే వాడే మొత్తుకుంటడు."

తెంపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి గోపాలరావు జేబులో ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది.

"స్పీకర్‌లో పెట్టండి," అన్నాడు ఓనర్.

"బావా!" బోడుప్పల్‌లో నెట్ సెంటర్ నడిపే బామ్మర్ది గొంతు అది. "నెట్ బందైంది. నువ్వు దెచ్చిచ్చిన రౌటర్ ఖరాబైనట్టుంది. ఇంకోటి పట్టుకరా!"

గోపాలరావు గబుక్కున ఫోన్ కట్ చేశాడు. ఓనర్ ఉపేందర్ వైపు తిరిగాడు. "గోపాలరావు పరువుగల మనిషి, ఇక్కడితో వదిలేద్దాం. రేపట్నుంచి నువ్వు డ్యూటీకి వచ్చెయ్."

పరువట! ఉపేందర్‌కు ఒళ్లు మండింది.

"నౌకరీ తర్వాత సార్. నా భార్య డబ్బా గేటు కాడ తెరిపిచ్చిన్రు. ఇయ్యాల గాయన డబ్బా గాడ్నే తెరవాలె. అందరు సూడాలె."

ఓనర్ సరేనన్నాడు. షిఫ్టు వదిలారు. ఆడవాళ్ల వరుసలో రాణి కూడా ఉంది. వాచ్‌మన్ కొమురెల్లి తలెత్తకుండానే గోపాలరావు టిఫిన్ క్యారియర్ మూత తీశాడు. సగం తిన్న పెరుగన్నం, ఊరగాయ ముక్క. వరుస వరుసంతా తొంగి చూసింది. కొమురెల్లి జాలిపడి మూత పెట్టబోయాడు.

"ఆగు కొమురెల్లన్నా," అన్నాడు ఉపేందర్. "నా భార్య మీద ఎవ్వలు జాలి పడలె. కింది గిన్నె గూడ తియ్యి."