చచ్చిందా అని అడిగే మనిషి

మా ఆయన ఏసీ మెకానిక్. వీధిలో అందరూ చల్లబాబు అంటారు. ఇంట్లో వేడిబాబేనని నాకొక్కదానికే తెలుసు.

ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్లకు స్పర్శ లేదు. వేడి గ్లాసు పట్టుకున్నా తెలియదు. పెళ్లయిన కొత్తలో ఒక కెపాసిటర్ కొట్టిన దెబ్బ అది. కెపాసిటర్ అంటే అరచేతిలో పట్టేంత డబ్బా. ఫ్యాను తిరగడానికి ఊపు ఇచ్చేది అదే. మహా దొంగది. మెయిన్ ఆపేసినా కరెంటు దాని కడుపులో నక్కి కూర్చుంటుంది. అందుకని స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి దాని కొనలు కలిపి, చిటుక్కుమనిపించి, అప్పుడు చెయ్యి పెట్టాలి.

ఆ దెబ్బ తిన్నాక నేను ఒట్టు వేయించుకున్నాను.

"చెయ్యి పెట్టే ముందు పైకి అడగండి. మీరే జవాబు చెప్పుకోండి. మీ బుర్ర మీద నాకు నమ్మకం లేదు."

అప్పట్నుంచి ప్రతిసారీ "చచ్చిందా?" అంటాడు. "చచ్చింది" అని తనే అనుకుంటాడు. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. నాకు మొగుడు కావాలి.

ఒక మధ్యాహ్నం ఒకావిడ పిలిచింది. మూడో అంతస్తు. మంచాన పడ్డ అత్తగారి గదిలో ఏసీ చల్లబడటం లేదట. బయటి పెట్టె కిటికీ పక్కనే గోడకు బిగించి ఉంది. నిలబడటానికి జానెడు గట్టు. నడుముకి తాడు కట్టుకోలేదు మహానుభావుడు. ఆ సంగతి రాత్రి అన్నం తిన్నాక చెప్పాడు, ముందే చెబితే పెట్టనని.

మూత తీసి చూస్తే ఫ్యాను మోటారు మాడిపోయింది. కెపాసిటర్ ఒక పక్క ఉబ్బింది. రెండూ మార్చాలి. వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్ ఆనించాడు. చిటుక్కుమంది. కింద రోడ్డు మీద పిట్ట లేదు. కిటికీ రెక్క తెరిచే ఉంది, పరదా కదలడం లేదు.

"చచ్చిందా?" అన్నాడు అలవాటుగా.

"ఇంకా లేదు."

కిటికీలోంచి. ముసలి గొంతు. కోపం లేదు, బాధ లేదు. టైమెంత అంటే చెప్పినట్టు చెప్పింది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముందు సిగ్గుతో చచ్చాడు.

"అయ్యో పెద్దమ్మా, మిమ్మల్ని కాదు, దీన్ని అడిగాను!"

తల గోక్కుంటూ మళ్లీ డబ్బా వైపు చూశాడు. దానికి మూడు కొనలు. తను కలిపింది రెండే. ఫ్యానుకి వెళ్లే కొన మిగిలిపోయింది. మోటారు లోపల తీగ తెగిపోవడంతో ఆ కొనలో ఉన్న కరెంటు దిగిపోవడానికి దారే లేదు. స్క్రూడ్రైవర్ ఆ కొనకి ఆనించాడో లేదో టప్‌మని మెరిసింది. మొన నల్లబడిపోయింది. అక్కడే చెయ్యి పెట్టి ఉంటే ఈసారి వేళ్లతో పోయేది కాదు. కాళ్ల కింద మూడంతస్తుల గాలి.

కొత్త మోటారు బిగించాడు. కొత్త కెపాసిటర్ పెట్టి, ఫోటో చూసుకుంటూ ఒక్కో వైరూ తగిలించాడు. మామూలుగా అరగంట పని, గంట పట్టిందట. ఫ్యాను తిరిగింది. లోపలికి వెళ్లి ఆ పెద్దావిడకు దండం పెట్టుకుందామనుకున్నాడు.

"ఇందాక ఎవరితో మాట్లాడుతున్నారన్నా?" అని అడిగింది కోడలు.

"మీ అత్తగారితోనమ్మా. ఆవిడ పలకబట్టే బతికాను."

కోడలు నవ్వబోయి ఆగిపోయింది.

"మా అత్తకి మాట పడిపోయి రెండేళ్లయింది. నన్ను తిట్టిన తిట్టే ఆఖరి మాట."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదాలు ఎండి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయట. గదిలో ఇంకెవరూ లేరు.

నెల తిరక్కుండానే ఆవిడ పోయిందని కోడలు ఫోన్ చేసి చెప్పింది.

అప్పట్నుంచి మా ఆయనకి "చచ్చింది" అని తనే అనుకోవడానికి నోరు రావడం లేదు. అందుకని పని దగ్గర్నుంచి నాకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అడుగుతాడు.

"చచ్చిందా?"

"మూడూ కలిపారా?"

"కలిపానే బాబూ."

"అయితే చచ్చింది. తాడు కట్టుకున్నారా?"

ఇంతే. గిన్నెలు తోముతూ చెప్పేస్తాను. మా చెల్లెలు విని, "మొగుడూపెళ్లాలు ఫోన్లో మాట్లాడుకునే మాటలేనా ఇవి!" అని దెప్పింది.

మొన్న అలాగే ఫోన్ చేశాడు. "చచ్చిందా?" అన్నాడు. నా చేతులకు సబ్బు. కుళాయి కట్టేసి, తుడుచుకుని, ఫోన్ దగ్గరికి వంగాను. ఇంకా నోరు తెరవలేదు.

"ఇంకా లేదా? సరేలే, మళ్లీ కలుపుతాను" అన్నాడు ఆయన.

నేనేమీ అనలేదని చెప్పబోయాను. ఈలోగా ఫోన్లో టప్‌మన్న చప్పుడు వినిపించింది.