తుల్సీబాయి ఘుగ్రీలు

బయ్యారం పక్క తండాలో తుల్సీబాయి నోటికి జడవనివాళ్లు లేరు. మిర్చి ఏరడంలోనూ ఆమె చేతికి ఎదురుండేది కాదు. పోయిన వానాకాలం పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. నోరు మాత్రం మిగిలింది. తల దువ్వాలన్నా, అన్నం కలపాలన్నా కోడలు గీతే దిక్కు. కోడలు ముద్ద నోట్లో పెట్టినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది.

మానుకోట దవాఖానలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "చెయ్యిని కదిపే చోటు నీ మెదడుల ఇంకా బతికే ఉన్నదమ్మా. చుట్టుపక్కల చోట్లతోని దాని పొత్తు చెడింది. తల మీద అయస్కాంతం మిషిను పెట్టి దాన్ని లేపుతం. లేపినంక నువ్వు చెయ్యితోని పని చెయ్యాలె, అప్పుడే తెగిన దారులు కుదురుతయ్. అందరికీ కుదరకపోవచ్చు, చూద్దాం. తలకు వెండి, ఇనుము ఏదీ ఉండొద్దు."

అందరి చూపూ తుల్సీబాయి చెంపల మీద పడింది. అక్కడ జడపాయలకు వెండి ఘుగ్రీలు వేలాడుతున్నాయి. లంబాడీ ఆడది పెళ్లినాడు కట్టుకుంటుంది, భర్త పోతేనే విప్పుతుంది. ఆమె భర్త లచ్చిరాం చివాలున లేచాడు.

"గవి తీసేది నేను సచ్చినంకనే. నేను బతికే ఉన్న. పా, ఇంటికి పోదాం."

తుల్సీబాయిలో నెలల తరబడి ఉడికిన కోపమంతా ఒక్కసారి పొంగింది. "నువ్వు బతికే ఉన్నవ్. సచ్చింది నా చెయ్యి. దానికి ఎవలు ఏడ్వాలె?" అని, కోడలి వైపు తిరిగింది. "విప్పు. ఆయన మొకం ఏం చూస్తవ్, నన్ను చూడు."

గీత విప్పింది. తుల్సీబాయి వాటిని ఎడమచేత్తో తీసుకుని మొగుడి దోసిట్లో పడేసింది.

మిషిను తలకు ఆనించి టక్కుమనిపించగానే కుడి బొటనవేలు ఎగిరింది. లచ్చిరాం కళ్లు చెమ్మగిల్లాయి. ఆమెకు మాత్రం ఇంకా మండింది. "నేను ఇన్ని నెలలు బతిమిలాడితే కదల్లే. గా డబ్బా చెప్తే ఎగుర్తందా?"

"ఇగ నీ మాట వినుడు దానికి నేర్పాలె," అంది డాక్టరమ్మ. "నీకు బాగా తెలిసిన పని ఏదన్న రోజూ ఆ చెయ్యితోనే చెయ్యి."

దవాఖాన నుంచి వచ్చిన ప్రతిసారీ తుల్సీబాయి అద్దం ముందు కూర్చుని, కుడిచేత్తో ఘుగ్రీ దారం జడపాయకు చుట్టడానికి తంటాలు పడేది. వేళ్లు కాస్త ముడుచుకునేవి, అంతలోనే దారం జారిపోయేది. బోసిచెంపలు చూసి తండా ఆడవాళ్లు గుసగుసలు పోయారు. లచ్చిరాం బజారుకు పోవడం మానేశాడు. చివరకు ఉండబట్టలేక కోడలిని పిలిచాడు.

"నువ్వన్న కట్టు బిడ్డా. నేను సచ్చినోని లెక్క చూస్తున్నరు."

గీత చెయ్యి చాచింది. అత్త ఆ చేతిని విదిలించి కొట్టింది.

"ముట్టకు. నా చెయ్యి కట్టేదాక ఆయనను గట్లనే తిరగనీ."

ఘుగ్రీ మళ్లీ జారి నేల మీద గల్లుమంది. లచ్చిరాం వంగి తీసి, ఆమె కుడి అరచేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.