అందరికీ చూపించిన నాలుగు మార్కులు

మూడేళ్ల కిందటి మాట. ఉక్కు కర్మాగారం ఉన్న భిలాయిలో ఓ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. పిల్లలకు ఫైనాన్స్ చెబుతున్నాను. దిద్దిన అసైన్‌మెంట్ల మార్కులు పేర్లతో సహా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం అప్పట్లో నా అలవాటు. నలుగురిలో సిగ్గుపడితేనే బుద్ధిగా చదువుతారని నా మొండి నమ్మకం.

ఆసారి ఉక్కు కొలిమి మీద ఎన్.పి.వి. లెక్క ఇచ్చాను. రాబోయే ఏళ్ల ఆదాయం ఈరోజుకి ఎంత విలువ చేస్తుందో తేల్చి, పెట్టుబడి పెట్టొచ్చో లేదో చెప్పే పద్ధతి అది. ప్రశ్నలో కొలిమి సామర్థ్యం ఇచ్చి, పదేళ్లూ ఆదాయం ఒకేలా ఉంటుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. చివరి అంకె మాత్రమే చూసి చకచకా దిద్దేశాను. లావణ్య అనే అమ్మాయి అంకె కలవలేదు. ఇరవైకి నాలుగు వేసి, ఎప్పటిలాగే గ్రూపులో పెట్టేశాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసుకు రాలేదు. మూడోరోజు స్టాఫ్ రూముకొచ్చి నిలబడింది. ఇంటర్నల్స్‌లో సగం మార్కులు లేకపోతే క్యాంపస్ ఇంటర్వ్యూకు పేరు వెళ్లదు. ఆ సాయంత్రమే జాబితా పంపాలి.

“ఏటమ్మా, లెక్క రాకపోతే ముందే అడగొచ్చు కదా?” అని కసిరాను.

“లెక్క వచ్చు సార్. ఏడో సాల్‌లో భట్టీ బంద్ ఉంటాది కదా, లోపల ఇటుకలన్నీ మార్చాలి. మా నాన్న ఆ పనే సేస్తారు. బంద్ ఉన్న భట్టీకి కమాయి ఎక్కడినుంచి వస్తాది? పక్కనే రాసాను. మీరు సదవలేదు.”

కాగితం తీసి చూశాను. నిజమే, అంచున రెండు వాక్యాలు. ఆ తర్వాత లెక్కంతా శుభ్రంగా సాగింది. ఇరవై ఏళ్లుగా ఈ ఊరి నీళ్లు తాగుతున్నాను, ఏడో ఏట కొలిమి ఆగుతుందని, ఆ ఏడు ఆదాయం ఉండదని నాకు తట్టనేలేదు! చెప్పొద్దూ, తల కొట్టేసినట్టయింది. నాలుగు కొట్టేసి పద్దెనిమిది వేశాను.

“జాబితాలో నీ పేరుంటుంది. ఇక వెళ్లమ్మా.”

ఆమె కదల్లేదు. కళ్లనిండా నీళ్లు.

“గలత్ మార్కులు అందరికీ సూపించారు. సహీ మార్కులు నాకొక్కదానికే సెప్తారేటి సార్?”

పాపం, మూడు రోజులు ఆ నాలుగుని ఎలా మోసిందో!

మర్నాడు క్లాసులో నా తప్పు నేనే చెప్పి, మార్కర్ ఆమె చేతికిచ్చాను. కొలిమి ఎందుకు ఆగుతుందో ఆమె బోర్డు మీద బొమ్మ గీసి చెబుతుంటే, చివరి బెంచీలో కూర్చుని రాసుకున్నాను.

ఇప్పుడు ఎవరి మార్కులు వాళ్లకే పంపుతున్నాను. నా తప్పులు మాత్రం గ్రూపులోనే పెడతాను.