ప్రచారం ముగిశాక వినిపించిన మైకు

చనిపోయినవాళ్లు ఓటేయడం నేను ప్రతి ఎన్నికలోనూ చూస్తూనే ఉన్నాను. అంతకు మించి దయ్యాలతో నాకు పరిచయం లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "ఏ బూత్‌లో?" అని ఆటపట్టించే రకం నేను. ఎన్నికల ప్రచారాల లోగుట్టు రాయడం నా వృత్తి. కళ్లతో చూసింది, చెవులతో విన్నది తప్ప రాయను. ఇదీ అలాగే రాస్తున్నాను.

సూరత్‌లో నగరపాలక ఎన్నికలు. లింబాయత్ వైపు మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ తెలంగాణవాళ్లు చాలామంది. వాళ్లలో ఒకాయన కార్పొరేటర్‌గా పోటీ చేస్తుంటే, ఆ ప్రచారం మీద పుస్తకం రాద్దామని హైదరాబాదు నుంచి వెళ్లాను. ఆయన ఆఫీసుకు దగ్గర్లోనే మేడ మీద ఒక గది తీసుకున్నాను. కింద మరమగ్గాల చప్పుడు.

నాకు హిందీ అంతంతమాత్రం, గుజరాతీ అసలే రాదు. అభ్యర్థి చుట్టూ తెలుగువాళ్లే, కానీ విలేకరినని నా దగ్గర అందరూ ఆచితూచి మాట్లాడేవాళ్లు. నేను గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోయేవి. ఇన్నేళ్ల వృత్తిలో అలవాటైపోయింది అనుకునేవాణ్ణి గానీ, ఒంటరితనం అలవాటయ్యేది కాదు.

రాజేశం ఒక్కడే వేరు. రాత్రి మగ్గం మీద పని, పగలు ప్రచారం ఆటోలో మైకు. మధ్యాహ్నం మా గల్లీ మలుపులో ఆటో ఆపి, మైకు పరీక్షించే మిషతో నన్ను పలకరించేవాడు. "హలో, హలో... పైనున్న పేపరన్నా, బువ్వ తిన్నవా?"

గల్లీ అంతా నవ్వేది. నేను సిగ్గుపడుతూ కిటికీలోంచి చెయ్యి ఊపేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ పిలుపు కోసం ఎదురుచూసేవాణ్ణి.

పోలింగ్‌కు ముందు ప్రచారం ఆపేయాలి కదా, ఆటోకు కట్టిన మైకు విప్పేశారు. ఆ మర్నాడు మధ్యాహ్నం, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని, పుస్తకానికి కావలసిన విషయాలు చెప్పుకుంటున్నాను. జ్వరం లేదు, నిద్రమత్తూ లేదు. అప్పుడు వినిపించింది, ఎప్పటిలాగే గరగరగా.

"పేపరన్నా, బువ్వ తిన్నవా?"

"తిన్నా, నువ్వు?" అన్నాను, ఆలోచించకుండానే.

మరుక్షణం ఒళ్లు మండింది. నిషేధం ఉండగా మైకు మోగితే కేసవుతుంది, అభ్యర్థి కొంప మునుగుతుంది. గబగబా కిందికి దిగాను. ఆటో లేదు. చాయ్ కొట్టాయన ఏ ఆటో రాలేదన్నాడు. అభ్యర్థికి ఫోన్ చేసి, మీ రాజేశానికి బుద్ధుందా, ఈ టైములో మైకేంటి అని అడిగాను.

అటువైపు ఎవరివో ఏడుపులు వినిపించాయి.

"ఏం మైకన్నా? రాజేశం పొద్దుగాల్నే పోయిండు. మగ్గం కాడ్నే కూలిండు. మేమందరం దవాఖాన్లనే ఉన్నం."

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. నేను ఫోన్‌లో అన్న మాట అప్పటికే రాజేశం భార్య భాగ్య దాకా చేరింది. అంతమందిలోంచి లేచి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, నా గురించి ఏమన్న అన్నడా? రాత్రి డ్యూటీకి పొయ్యేటప్పుడు లొల్లి పెట్టుకున్న. మాట్లాడకుంటనే పోయిండు."

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మా ఆవిడ పోయినప్పుడు ఆస్పత్రిలో నర్సును నేనూ అదే అడిగాను. మిమ్మల్నే తలచుకున్నారు అందామె. అది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. ఇన్నేళ్లూ దానిమీదే బతుకుతున్నాను.

"లొల్లి మనసులో పెట్టుకోవద్దన్నాడమ్మా" అన్నాను.

భాగ్య నా మొహంలోకి చూసింది. "ఆయన గట్ల అనడు" అంది. మళ్లీ తనే, "ఇంకోపాలి చెప్పు అన్నా" అంది.

చెప్పాను.

ఆ అభ్యర్థి గెలిచాడు. పుస్తకంలో అది రాశాను, ఇది రాయలేదు. ఆనాటి రికార్డింగ్ చాలాసార్లు విన్నాను. మగ్గాల చప్పుడు, నా గొంతు, కొంచెం మౌనం, మళ్లీ నా గొంతు "తిన్నా, నువ్వు?" అనడం. ఆ మౌనంలో ఏమీ లేదు.

విప్పేసిన మైకు ఎలా మోగిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అంతకంటే అంతుబట్టనిది ఇంకొకటి ఉంది. నాలుగు రోజుల పరిచయం ఉన్న నన్ను తిన్నావా అని అడగడానికి వచ్చినవాడు, ఆమె దగ్గరికి ఎందుకు పోలేదు?