ఎర్ర అంకె పడిన రోజు

ఎనభైల మొదట్లో వరంగల్ స్టేషన్ దగ్గరి సందులో ఒక చిన్న ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దేదాన్ని. బిల్లులు రాయడం, గిరాకీలకు సర్దిచెప్పడం కూడా నా నెత్తినే పడేవి. మా యజమానిని అందరూ సేటు అనేవారు. ఆయనకున్నంత దైవభక్తి నేను మరే మనిషిలోనూ చూడలేదు. మతం పట్టింపు అసలే లేదు. ఎవరు పని తెచ్చినా పది వర్కింగ్ డేస్‌లో ఇస్తానని మాటిచ్చి, వాళ్లు మెట్లు దిగగానే గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడేవాడు. ఆదివారాలు సరే. రెండో శనివారంతో మనకేం సంబంధమని అడిగితే, సర్కారు ఆఫీసులే బందుంటే మనం తెరిచి ఏం లాభమనేవాడు. రంజాన్ వస్తే పండుగే కాదు, నెలవంక కోసం ఎదురుచూసిన రోజు కూడా సెలవే. అమావాస్యనాడు మిషను తిప్పితే అరిష్టం. మేడారం జాతర క్యాలెండర్లో ఎర్రగా లేకపోయినా, బస్సులన్నీ అటే పోతే కాగితం ఎట్లా వస్తుందని దాన్నీ కలిపేసేవాడు. కొట్లాటకు వచ్చిన గిరాకీ కూడా ఇన్ని పండుగలు విన్నాక మెత్తబడి వెళ్లిపోయేవాడు.

ఈ సెలవులన్నీ గిరాకీలకే. మేం మాత్రం అన్ని రోజులూ రావాల్సిందే. అయితే ముందు తలుపు మూసి ఉంటుంది కాబట్టి వెనక సందులోంచి రావాలి. దసరానాడు మిషనుకు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టేంతసేపు మాకు సెలవు. కొబ్బరిముక్క ఇంకా నోట్లో ఉండగానే మిషను మొదలయ్యేది.

మిషను మీద పనిచేసే ఆయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన అత్తగారిల్లు డోర్నకల్. ఆ ఏడు ఆయన భార్య పురిటికి పుట్టింటికి వెళ్లి ఆడపిల్లను కన్నది. క్రిస్మస్ పొద్దున చర్చిలో పాపకు బాప్తిస్మం. పాపను తన చేతులతో ఎత్తుకొని పాస్టరు అయ్యగారి ముందు నిలబడాలని ఆయన ఆశ. చిన్న తెల్లగౌను కొని సంచిలో పెట్టుకొచ్చాడు. చేతులకు ఇంకు ఉందని నన్నే బయటికి తీసి చూడమన్నాడు. సెలవు సంగతి ఎప్పుడో అడిగి పెట్టుకున్నాడు. సేటు సరేనని తల కూడా ఊపాడు.

ఇంతలో ఒక బట్టల దుకాణం వాళ్ల కొత్త సంవత్సరం క్యాలెండర్లు మీదపడ్డాయి. నల్ల అంకెలు అచ్చయిపోయి, పండుగల ఎర్ర అంకెలు మిగిలాయి. క్రిస్మస్ పొద్దున్నే వచ్చి జర అవి కొట్టి పొమ్మని, డోర్నకల్ ప్యాసింజర్ బండి ఎట్లాగూ అందుతుందని సేటు అన్నాడు. అన్న చీకటితోనే వచ్చాడు. నన్నూ రమ్మన్నారు. ఒక కట్ట అయిపోగానే సేటు ఇంకో కట్ట తెచ్చి పెట్టేవాడు. ప్యాసింజర్ కూత మాకు వినబడింది. అన్న మిషను ఆపలేదు. అప్పుడు ఆయన అచ్చు వేస్తున్నది డిసెంబరు కాగితం. క్రిస్మస్ రోజున కూర్చొని వచ్చే ఏటి క్రిస్మస్‌కు ఎర్రరంగు వేస్తున్నాడు.

హసన్‌పర్తి బడి సారు ఒకాయన తమ హెడ్మాస్టరు సన్మానం కార్డులు మాకిచ్చి ఉన్నాడు. ముందురోజు వస్తే, మా మిషనాయన కిరస్తానీ అనీ, ఆయన పండుగను మనం గౌరవించాలనీ చెప్పి సేటు తిప్పి పంపాడు. ఆ సారు స్టేషన్ దగ్గర దోస్తు ఇంటికి పండుగ భోజనానికి పోతూ, మిషను చప్పుడు విని వెనక తలుపులోంచి తొంగిచూశాడు.

"గిదేంది సేటూ, ఇయ్యాల బందన్నవ్ గద?" అన్నాడు.

సేటు ముఖంలో చిన్న మార్పు కూడా లేదు. అన్న వైపు తిరిగాడు.

"పండుగపూట పనికొస్తివేందిరా? దేవుడంటే జర భయముండాలె. నడువు ఇంటికి."

నాకు ఒళ్లు మండిపోయింది. అన్న గుడ్డను కిరసనాయిల్లో ముంచి చేతులు తుడుచుకొని, సంచి పట్టుకొని వెళ్లిపోయాడు. మళ్లీ బండి మధ్యాహ్నానికి గాని లేదు. సేటు ఆ సారుకు కుర్చీ వేయించి, వీళ్లు వద్దంటే వినరనీ, ఇప్పుడు మనిషిని పంపేశాను గనుక కార్డులు ఇంకొక్క రోజు ఆలస్యమనీ చెప్పాడు. సారు ఆ కుర్చీలో కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు అన్న వచ్చేసరికి హాజరు పట్టీలో ఆయనకు సగం రోజు కోత పడి ఉంది. నిన్న సెలవు కదా అని నేనే అడిగాను. పనికి వచ్చిన రోజు సెలవెట్లా అవుతుందని సేటు నన్నే ఎదురు అడిగాడు. నేను అన్న దగ్గరికి వెళ్లి పాప ఎట్లా ఉందన్నాను.

"నేను పోయేటాళ్లకు అంత అయిపోయింది చెల్లె. మా మామ ఎత్తుకొని నిలబడ్డడట, పాత గౌనుతోనే. నేను పోయి కొత్తది తొడిగి ఎత్తుకున్న."

చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది.

"నా ఏలిముద్రలు గౌనుకు అంటినయ్. ఎంత ఉతికినా పోతలేవు."