లంకలో దాచిన నారు ట్రేలు

“కాగితం లేని మొక్క ఒక్కటి కూడా పడవ దిగదు, కన్నయ్యా.”

“కాగితం ఇచ్చే సారు వారం నుంచి లేడాయె. నేనేడికెళ్లి తేవాలె అక్కా? మిరప నారు వాడిపోతాంది, చూడు!”

“వాడితే నీ ఒక్కని నారు వాడుతది. దిగితే లంకంత పోతది.”

“మొన్న వెంకటయ్య అరటి పిలకలు తెచ్చిండు. ఆయన్ను గిట్లనే ఆపినవా? పేదోని మీదనేనా నీ రూలు?”

“ఆయన కాగితం చూపిచ్చిండు. నువ్వు ఏడ్చినా గింతే, నవ్వినా గింతే.”

“నువ్వు మనిషివి కాదక్కా. సర్కారు తాళంకప్పవి!”

పడవలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. డ్యూటీలో నవ్వితే మాట పలచబడుతుంది.

నల్ల తామర పురుగు మన జిల్లాలో కొత్తగా దిగిన ఏడాది సంగతి ఇది. భద్రాచలం అడవి అంచున, గోదావరి రెండు పాయల మధ్య ఉన్న చిన్న లంకలో ప్రభుత్వ సస్యరక్షణ కేంద్రం ఉండేది. కేంద్రమంటే ఒక గది, వరండా, వెనుక పది గుంటల ప్రదర్శన తోట. నేను అందులో ఫీల్డ్ మజ్దూరును. నా భర్త పోయాక ఆయన ఉద్యోగం నాకు ఇచ్చారు. నా చదువు నాలుగో తరగతి. నా పైన వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే ఏఈఓ మేడం. ఆమెకు ఒడ్డున ఏడు ఊళ్లున్నాయి, వారానికోసారి పడవ దాటేది. మిగతా ఆరు రోజులూ కేంద్రాన్ని నడిపింది నేనే.

పని చెబుతాను. పొలాల గట్ల మీద నీలం రంగు జిగురు అట్టలు కట్టాలి. తామర పురుగుకు నీలం అంటే మోజు, వచ్చి అంటుకుంటుంది. వారం వారం ఆ పురుగులను లెక్కపెట్టి రిజిస్టర్‌లో వేయాలి. స్ప్రేయర్లు కావాలన్నవాళ్లకు ఇచ్చి, కడిగించి తిరిగి తీసుకోవాలి. బయటి నుంచి వచ్చే నారుకు నర్సరీ తనిఖీ కాగితం ఉందో లేదో రేవులో చూడాలి. ఆ పురుగు పువ్వులో దూరి రసం పీలుస్తుంది. పూత రాలుతుంది, కాయ పడదు. మందులకు లొంగదు. ముదిగొండ వైపు పూత మీదున్న తోటలను ట్రాక్టర్లతో దున్నేశారని పడవలో వచ్చేవాళ్లు చెప్పేవారు. మా లంకకు మాత్రం చుట్టూ నీళ్లే కాపలా. ఆ కాపలాలో ఉన్న ఒక్క సందు రేవు, అక్కడ నేను.

ఆ రోజు కన్నయ్య నోరు మూయించడానికి అతని ట్రేలలో నాలుగింటిని తెల్ల కాగితం మీద తట్టాను. జీలకర్ర గింజలో సగం కూడా లేని నల్లటివి మూడు కదిలాయి. భూతద్దం అతని చేతికే ఇచ్చాను. చూసి, తిరిగి ఇచ్చేశాడు.

పురుగు పట్టిన నారును లంక మీదకు రానివ్వకుండా అవతలి ఒడ్డునే కాల్చాలని నియమం. నారు, ట్రేలు, ట్రేలలోని కొబ్బరిపొట్టు, మూడూ కాల్చాలి. తామర పురుగు పిల్లలు మట్టిలోకి దిగి ప్యూపాలుగా మారి దాక్కుంటాయని, అందుకే పొట్టును కూడా వదలకూడదని మేడం శిక్షణలో చెప్పింది. నేను తలూపాను కూడా.

పడవను ఆ ఒడ్డుకు తిప్పించాక కన్నయ్యే నారు పీకి కుప్ప వేశాడు. తాటాకులు వేసి నేను అంటించాను. అతను వెళ్లిపోయాక ట్రేల వంక చూశాను. కొత్తవి, ఒక్కటీ పగల్లేదు. పొట్టు మెత్తగా, నల్లగా, బంగారంలా ఉంది. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు కూడా బర్రె కుడితికే పోతాయి. అలాంటి చేతులతో మంచి వస్తువును మంటలో వేయలేకపోయాను. ట్రేలు గోదాట్లో కడిగాను. పొట్టును రెండు సంచులకు ఎత్తాను. అన్నీ అదే పడవలో కేంద్రానికి తెచ్చాను. రేవులో నన్ను ఆపి సంచి విప్పమనేవాళ్లు ఎవరున్నారు? ట్రేలను గదిలో దాచి, పొట్టును ప్రదర్శన తోటలో మిరప మొదళ్లకు వేశాను. రిజిస్టర్‌లో మాత్రం “నారు, ట్రేలు, పొట్టు కాల్చబడినవి” అని రాసి సంతకం పెట్టాను.

కన్నయ్యకు లంక రైతుల దగ్గర మిగిలిన నారు నేనే అడిగి ఇప్పించాను. ఆలస్యంగా నాటుకున్నాడు. ఆ ఏడు అతని వంతు భూమి కేంద్రం తోటను ఆనుకొని వచ్చింది. మా లంకలో హద్దురాళ్లు ఉండవు. వరద తీశాక పెద్దమనుషులు తాడు వేసి కొలిచి, ఆ ఏడాదికి ఎవరి వంతు వాళ్లకు చూపిస్తారు. తాడు పడితేనే సేద్యం.

పూత దశలో పురుగు కనిపించింది. మొదట కేంద్రం తోటలో, వారానికి కన్నయ్య చేనులో, ఆపైన అటూ ఇటూ. గాలికి వచ్చిందేమోనని మేడం ఫోన్లో అంది. గాలికి వస్తే ఒడ్డు పక్కన కట్టిన అట్టలు ముందు నిండాలి. అవి ఖాళీగా ఉన్నాయి. కేంద్రం గది వెనుక అట్ట నల్లబడింది. ఆ అంకెలు వేసింది నేనే. వాటి అర్థం నాకు తెలియదని చెప్పలేను.

ఊరికి మాత్రం అట్టల లెక్కతో పని లేదు. సాయంత్రం కేంద్రం వరండాలోనే కూర్చున్నారు. తాడు పట్టే పెద్దమనిషి వెంకటయ్య మొదలుపెట్టాడు.

“రేవుల ఆపితే ఊకునే రకమా వీడు? రాత్రిపూట ఎగువ ఒడ్డుకాడ ఇంకో కట్ట దించి ఉంటడు.”

“నా పిల్లల మీద ఒట్టు మామా, నేను తేలే.”

“మరి నీ చేనుకే ఎట్ల వచ్చింది? సుట్టమా?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కన్నయ్య నా వైపు తిరిగాడు.

“అక్కా, నువ్వు చెప్పు. లంక మీదికి ఒక్క మొక్కన్న తెచ్చిన్నా?”

“తేలేదు” అన్నాను. ఆ మాట నిజమే. తెచ్చింది ఎవరో ఆ వెంటనే చెప్పాల్సింది. నాకు రిటైర్‌మెంట్ రెండేళ్లుంది. రిజిస్టర్‌లో నా సంతకం ఉంది. నోరు మూసుకున్నాను.

“అక్క జాలిపడి అంటాంది” అన్నాడు వెంకటయ్య. “వచ్చే ఏడు కన్నయ్యకు తాడు లేదు. ఈ చేను రేపే పీకి కాల్చాలె.”

ఎవరూ కాదనలేదు. కన్నయ్య కండువా దులుపుకొని లేచి వెళ్లాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రేవులో ఆపేవాళ్ల సంచి కూడా విప్పి చూడాలి. ఎంత నిక్కచ్చి మనిషైనా సరే, అలాంటి మనిషిదైతే ముందు విప్పాలి.

మర్నాడు పొద్దున మొదటి పడవకు మేడం వస్తుందని నేను ట్రేలు కట్టగట్టి, రిజిస్టర్ తీసుకొని రేవుకు వెళ్లాను. అక్కడ కన్నయ్య, అతని భార్య గిన్నెలు, మంచం పడవలోకి ఎక్కిస్తున్నారు. పాల్వంచలో అతని బామ్మర్ది కూలిపని చూశాడట. ట్రేలు అతని ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

అతను ఒక ట్రే ఎత్తి చూసి, కింద పెట్టాడు.

“నిన్న నీ నోరు ఏడికి పోయింది అక్కా?” అన్నాడు.

పడవ కదిలింది.

అదే పడవ తిరుగు ప్రయాణంలో మేడంను దించింది. ఆమెకూ చెప్పాను. వెంకటయ్యను పిలిపించి ఆయన ముందు మళ్లీ చెప్పాను. ఆయన కన్నయ్యను వెనక్కి పిలుచుకు రమ్మని పడవవాడితో అన్నాడు. వాళ్లు అప్పుడే బస్సెక్కారని పడవవాడు చెప్పాడు.

మేడం రిజిస్టర్‌లో పాత పద్దును కొట్టేయించింది. దాని కింద కారణం రాయమంది. నా పేరు రాసి, పొట్టు తెచ్చినది నేనే అని రాశాను. తరువాత తోటలోకి వెళ్లి మిరప మొక్కలు పీకాం. ట్రేలు వాటి మీద వేసి అంటించాం. ఈసారి ఒక్కటీ తీసి పక్కన పెట్టలేదు.